కోట కింద మనిషి

గోల్కొండ కందకాన్ని పూడ్చడానికి గుడ్డ సంచులు కావలసివస్తే, మొదటి సంచిని ఔరంగజేబు తన చేత్తోనే కుట్టాడని మొగలు చరిత్రకారులు రాశారు. నమాజుకు ముందు చేసే శుద్ధి, వజూ, చేసుకుని, సూదీ దారం పట్టుకుని కూర్చున్నాడట. 1687 నాటి ముట్టడి మాట. మొదటి సంచి కుట్టినవాడి పేరు తెలిసింది. మిగతా సంచులన్నీ ఎవరు కుట్టారో, వాటిలో మట్టి నింపి, పైనుంచి తూటాలు కురుస్తుంటే భుజాన వేసుకుని కందకం అంచు దాకా ఎవరు పరుగెత్తారో తెలియలేదు. చరిత్ర వదిలేసిన ఆ మనిషిని కథ పట్టుకోవాలి. కానీ ముట్టడి కథలు అతని దగ్గరికి రావడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

హోమర్ 'ఇలియడ్' ట్రాయ్ ముట్టడి పదో ఏటి కథ. వీరులు ఒకరి వంశం ఒకరికి చెప్పుకుని మరీ కొట్టుకునే ఆ కావ్యంలో, వంశం పేరు లేని మనిషి ఒకడు నిండు సభలో లేస్తాడు. పేరు థెర్సిటీస్. దోపిడి సొమ్మంతా రాజు గుడారానికే చేరుతుంటే మనమెందుకు ఇక్కడ పడి ఉండాలి, ఓడలెక్కి ఇళ్లకు పోదాం పదండి అంటాడు. గ్రీకు నాయకుడు ఒడిస్సియస్ రాజదండంతో అతని వీపు మీద కొడతాడు. వీపు కమిలి వాతలు తేలుతుంది, కళ్లనీళ్లు తిరుగుతాయి, సైన్యమంతా నవ్వుతుంది. తొమ్మిదేళ్లుగా ఇల్లు చూడని మనిషి అడిగిన ప్రశ్నకు ఆ సభలో జవాబు దొరకలేదు. తర్వాత చాలా కాలం కథల్లోనూ దొరకలేదు.

డ్యూమా 1844లో రాసిన 'త్రీ మస్కటీర్స్' చూడండి. 1627–28లో ఫ్రెంచి రాజు లా రోషెల్ పట్టణాన్ని చుట్టేసి, సముద్రం వైపు దారి కూడా మూసుకుపోయేలా రాళ్లకట్ట కట్టించాడు. లోపలివాళ్లు ఆకలితో వేలకు వేలు చనిపోయారు. ఇరవై ఏడు వేల జనాభాలో చివరికి మిగిలింది సుమారు ఐదు వేలని అంటారు. కానీ డ్యూమా పాఠకుడికి గుర్తుండేది నలుగురు మిత్రులు పందెం కాసి ఒక బురుజులో కూర్చుని భోంచేసిన ఘట్టం. చిన్నప్పుడు ఆ ఘట్టం చదివి నేనూ ఉప్పొంగిపోయాను. ఇప్పుడు చదివితే, ఆ బురుజులోని రొట్టెల వాసన గోడ అవతలికి వెళ్లి ఉంటుందా అని మనసు అటే లాగుతుంది.

ఈ దారి మళ్లించినవాడు టాల్‌స్టాయ్. 1854 నవంబరులో, క్రిమియాలో ముట్టడిలో ఉన్న సెవస్తోపోల్ చేరేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు, ఫిరంగి దళంలో చిన్న అధికారి. మరుసటి వసంతంలో నాలుగో బురుజులో వంతుల కొద్దీ కాపలా కాశాడు. మొత్తం పదకొండు నెలలకు పైగా సాగిన ముట్టడిలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న చోట్లలో అదొకటి. ఆ ఊళ్లో ఒక నెల కొలువును ఒక ఏడాదిగా లెక్కకట్టాలని జారు ఉత్తర్వు ఇచ్చాడంటే అక్కడి బతుకు ఎంత బరువో ఊహించుకోవచ్చు. ఆ ముట్టడి గురించి ఆయన రాసిన మూడు కథనాలు 'సొవ్రెమెన్నిక్' పత్రికలో వచ్చాయి. మొదటిదాంట్లో పాఠకుణ్ణే 'మీరు' అని పిలిచి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రి గదిలోకి, కాళ్లు కోసే బల్ల దగ్గరికి తీసుకెళతాడు. రెండోదాన్ని సెన్సారువాళ్లు ఎంతగా చెక్కేశారంటే, అది రచయిత పేరు లేకుండానే అచ్చయింది.

ఆ రెండో కథనంలోని రెండు పేజీల కోసం యుద్ధ నవలలు ఎన్నయినా పక్కన పెట్టవచ్చు. రాత్రివేళ ఒక బాంబు వచ్చి నేలమీద పడి, ఒత్తి కాలుతూ గిరగిరా తిరుగుతుంటుంది. ప్రాస్కుఖిన్, మిఖాయిలోవ్ అనే ఇద్దరు అధికారులు నేలకు కరుచుకుపోతారు. అది పేలేలోగా గడిచింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో ప్రాస్కుఖిన్‌కు మిఖాయిలోవ్‌కు తాను బాకీ ఉన్న పన్నెండు రూబుళ్లు గుర్తొస్తాయి. ఆ సాయంత్రం పాడిన పాట, ఒక స్త్రీ టోపీకున్న ఊదారంగు రిబ్బను గుర్తొస్తాయి. దెబ్బ తగిలింది అంతే, బతికే ఉన్నాను అనుకుంటూనే చనిపోతాడు. పక్కనున్న మిఖాయిలోవ్ తాను చచ్చిపోయాననే అనుకుంటాడు. అతనికి తగిలింది చిన్న రాయి. మరణం ముందు దేశం, జారు, కీర్తి కాకుండా పన్నెండు రూబుళ్ల బాకీ గుర్తుకు రావడం అబద్ధం రాసే చెయ్యికి దొరకదు. తర్వాత శవాలు తీసుకోవడానికి ఇరుపక్షాలూ కాసేపు కాల్పులాపుతాయి. ఒక పిల్లవాడు ఆ లోయలో పూలు కోసుకుంటూ, తల లేని ఒక శవం దగ్గర ఆగి, చాచి ఉన్న దాని చేతిని కాలితో కదిపి చూస్తాడు. ఆ చెయ్యి కదిలి మళ్లీ అలాగే ఆగుతుంది. పిల్లవాడు పూలలో ముఖం దాచుకుని కోటవైపు పరుగు తీస్తాడు.

టాల్‌స్టాయ్ తర్వాత కూడా వీరగాథ ఆగలేదు. హంగేరీలో గార్దోన్యి 1901లో రాసిన 'ఏగర్ తారలు' 1552లో రెండు వేల చిల్లర మనుషులు పెద్ద ఒట్టోమన్ దండును ఆపిన కథ. దేశాభిమానపు పుస్తకమే. అయినా అందులో చేతిపని ఉంది. కింద శత్రువు సొరంగం తవ్వుతున్నాడేమో తెలుసుకోవడానికి డప్పులమీద గింజలు పోసి కాపలా కూర్చుంటారు. గింజ అదిరిందంటే గునపం పడుతోందన్నమాట. రాత్రంతా గింజల మీద చూపు నిలిపి కూర్చునేవాడు నాకు కత్తి దూసినవాడికంటే దగ్గరి మనిషి.

అల్బేనియా రచయిత ఇస్మాయిల్ కదరే ఇంకో అడుగు వేశాడు. 1970లో వచ్చిన ఆయన నవల పేరు 'కోట'. పదిహేనో శతాబ్దంలో తన దేశపు కోటను ఒట్టోమన్ సైన్యం ముట్టడించడం కథ. కదరే కోట లోపల కూర్చోలేదు. లోపలివాళ్ల గొంతు చిన్న చిన్న ముక్కలుగా మాత్రమే వినిపిస్తుంది. నవల చాలావరకు శత్రువు పాళెంలోనే నడుస్తుంది. ఫిరంగులు పోతపోసేవాడు, సామగ్రి లెక్కలు చూసేవాడు, వైద్యుడు, జ్యోతిష్కుడు, ఏం రాయాలో తెలియక తికమకపడే ఆస్థాన చరిత్రకారుడు అక్కడ ఉంటారు. సొరంగం కూలితే తవ్వేవాళ్లు ప్రాణాలతోనే నేల కింద చిక్కుకుపోతారు. కోటకు నీరు పోయే రహస్య కాలువ ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక గుర్రాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉంచి, గోడల చుట్టూ తిప్పుతారు. దాహంతో పిచ్చెత్తిన ఆ గుర్రం ఒకచోట ఆగి గిట్టలతో నేల తవ్వుతుంది. ముట్టడి అంటే ఏమిటో ఆ ఒక్క గుర్రం చెప్పేసింది. లోపలివాడి దాహాన్నీ బయటివాడి దాహాన్నీ నేల ఒకేలా చూస్తుంది. ఆఖరికి వాన మొదలవుతుంది. వాన వస్తోందని పాళెంలో నగారా మోగితే అది ఓటమి కబురే.

మన దేశపు కోటల గురించి ఇంగ్లీషులో నవలలు కొల్లలు. ఫారెల్ రాసిన 'ది సీజ్ ఆఫ్ కృష్ణాపూర్'కు 1973లో బుకర్ బహుమతి వచ్చింది. 1857 నాటి లక్నో ముట్టడి దానికి మూలం. గుండ్లు అయిపోయి, లోపలి ఆంగ్లేయులు కవుల లోహ విగ్రహాల తలలను ఫిరంగుల్లో పెట్టి పేలుస్తారు. వాటిలో షేక్‌స్పియర్ తల బాగా పనిచేస్తుంది. గొప్ప నవల. కానీ ఆ తల తగిలి కూలిన సిపాయిల పేర్లు అందులో లేవు. బెర్నార్డ్ కార్న్‌వెల్ 1997లో రాసిన 'షార్ప్స్ టైగర్' 1799 నాటి శ్రీరంగపట్నం కథ. రెండు వేల కొరడా దెబ్బల శిక్ష పడిన మామూలు సిపాయి దానికి నాయకుడు. థెర్సిటీస్ వీపు మీద పడిన దెబ్బ ఇక్కడికి వచ్చేసరికి కథకే కేంద్రమైంది. అయితే ఆ సిపాయి తెల్లవాడు. అదే దండులో హైదరాబాదు నుంచి నడిచివెళ్లిన నిజాం సైన్యమూ ఉంది, మద్రాసు పటాలాలూ ఉన్నాయి. ఎండలో వందల మైళ్లు నడిచిన ఆ మనుషులు మే 4న కోట గోడ కింద ఏం తలచుకున్నారో చెప్పే నవల నేను చదివినవాటిలో లేదు.

మనకు బొబ్బిలి ఉంది కదా అంటారు. ఉంది. జంగం కథగా, వేదం వెంకటరాయశాస్త్రి నాటకంగా, 1964 నాటి సినిమాగా తరతరాలను ఏడిపించింది. కానీ 1757 జనవరి 24న జరిగింది ఒక్క పగటి పోరు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, పడిన గోడలు, లోపల స్త్రీల మరణం, మూడు రాత్రుల తర్వాత విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తి. అంతా మెరుపులా అయిపోయింది. నెలల తరబడి సాగే ఆకలి, బురద, విసుగు ఆ కథలో పట్టవు.

అవి పట్టే కథ గోల్కొండది. దాదాపు ఎనిమిది నెలలు. కరువు, దాని వెంట జబ్బులు. వానలకు ఏర్లు పొంగి, ముట్టడించినవాళ్లకే తిండిగింజలు అందలేదు. మొగలులు బురుజు కింద సొరంగం తవ్వి మందుగుండు కూరితే, లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి ఆ మందును లాగేశారు. మిగిలింది పేలి బురుజు రాళ్లు మొగలు సిపాయిల మీదే పడ్డాయి. చివరికి సెప్టెంబరు 21న తెల్లవారకముందే లోపలివాడొకడు లంచం తిని తలుపు తీశాడు. ఒంటినిండా గాయాలతో గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒంటరిగా పోరాడిన సంగతి మనం చెప్పుకుంటూనే ఉన్నాం. రెండు వైపులనుంచీ చీకట్లో ఒకరి గునపం చప్పుడు ఒకరు వింటూ తవ్విన ఆ కూలీలు ఏ భాషలో గుసగుసలాడుకున్నారో, లోపలివాళ్ల మాట తెలుగేనేమో, ఆ నవల ఇంకా ఎవరూ నా చేతిలో పెట్టలేదు.