వెలిసిపోవడం

ఎమ్మిగనూరు దుప్పటి ఇంటికి తెస్తే పెద్దోళ్లు మొదట చెప్పే మాట: ‘నీడన ఆరెయ్, ఎండకు వెలిసిపోతుంది.’ 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. దండెం మీది ఎర్ర దుప్పటి మడత విప్పి చూడండి. ఎండ తగిలిన మేర లేత గులాబీ, లోపల ఇంకా నిండు ఎరుపు.

వెలుగు, వెల్ల, వెన్నెల, వెలవెల: అన్నిట్లో తెలుపు, కాంతి అనే అర్థమిచ్చే ‘వెల్’ ఉంది. వెలిసిపోవడమూ ఆ ఇంటి బిడ్డే అనిపిస్తుంది నాకు. రంగును తినేది వెలుగేనని మాటే చెబుతోంది కదా!

చాలా రంగుల్లో జరిగేది ఇదే. రంగు అణువు ఎండను పీల్చి ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్ తిరిగి రంగునే కొరుకుతుంది. ఇలా ఆక్సిజన్‌ను రెచ్చగొట్టే వాటిని ఫోటోసెన్సిటైజర్లు అంటారు. ఈ పనిని జీవకణంలోనే చేయించే ‘కిల్లర్‌రెడ్’ అనే ఎర్ర ప్రోటీనును 2006లో మాస్కో శాస్త్రవేత్తలు వెల్లడించారు. దాని మూలం జెల్లీచేపల బంధువులోని ఒక ప్రోటీను. కిల్లర్‌రెడ్ జన్యువు పెట్టిన కణం చీకట్లో మామూలుగా బతుకుతుంది. గట్టి ఆకుపచ్చ వెలుగు పడితే చస్తుంది. ఆ పని చేస్తూ చేస్తూ కిల్లర్‌రెడ్ ఎరుపు కూడా వెలిసిపోతుంది.