కిరాయి రూము, ఎజారీ కాగితం

దుబాయ్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ఊరి పేరు, కంపెనీ పేరు అడగడం అయ్యాక వచ్చే మూడో ప్రశ్న ఒకటే: "రూము ఎక్కడ, కిరాయి ఎంత?" ఈ ప్రశ్న వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. రూము మారాలనుకుంటున్నవారికి, కొత్త వీసా మీద దిగబోతున్నవారికి పనికివస్తుందని ఈ వారం ఆ చరిత్రను పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ముందుగా మాటల సంగతి. తెలంగాణలో అద్దెను కిరాయి అంటాం. అరబ్బీ మాట 'కిరా' ఉర్దూ మీదుగా మనదాకా వచ్చింది. నిజాం కాలంలో భూములను గుత్తకు ఇచ్చే పద్ధతిని ఇజారా అనేవారు. అదీ అరబ్బీ మాటే. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని సర్కారు లెక్కలో రాయించే పద్ధతిని 'ఎజారీ' అంటారు. 'నా అద్దె' అని దాని అర్థం. మన తాతలు పలికిన మాటే ఇక్కడ మన తలదాచుకునే చోటును కాపాడే కాగితమైంది.

మట్టల ఇళ్ళ కాలం

పందొమ్మిదో శతాబ్దం చివరికి దుబాయ్ అంటే క్రీక్ ఒడ్డున ఉన్న చిన్న రేవు పట్టణం. ముత్యాల వేట, పడవ వ్యాపారం దాని బతుకు. ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు బర్ దుబాయ్ వైపు పగడపు రాయితో, గాలి గోపురాలతో ఇళ్ళు కట్టుకున్నారు. అదే నేటికీ మిగిలి ఉన్న బస్తకియా. కాయకష్టం చేసేవారికి ఖర్జూరపు మట్టలతో అల్లిన గుడిసెలే దిక్కు. వాటిని 'బరస్తీ' అనేవారు. 1894లో దేరాలో నిప్పంటుకుని ఆ మట్టల ఇళ్ళలో చాలా భాగం కాలిపోయాయి. స్తోమత ఉన్నవారు ఆ తర్వాత రాతితో కట్టుకున్నారు. లేనివారు మళ్ళీ మట్టలే అల్లుకున్నారు. చౌక ఇంటికీ నిప్పుకూ ఉన్న సంబంధం ఈ ఊళ్ళో అంత పాతది.

చమురు వచ్చాక

దుబాయ్‌లో 1966లో చమురు బయటపడింది. 1969లో ఎగుమతి మొదలైంది. 1968 జనగణనలో సుమారు 59 వేలు ఉన్న జనాభా 1975 నాటికి 1 లక్షా 80 వేలు దాటింది. ఇంతమందికి ఇళ్ళు ఎక్కడివి? పెద్ద కంపెనీలు క్యాంపులు కట్టాయి. మిగతావారికి పాత ఊరే ఆధారమైంది. స్థానిక కుటుంబాలు కొత్త విల్లాలకు మారేకొద్దీ నాయిఫ్, సత్వా వంటి చోట్ల వారి పాత ఇళ్ళు గదులుగా కిరాయికి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళూ ఇలాంటి పేటల్లోనే, క్యాంపుల్లోనే సర్దుకున్నారు. అధికార పటాల్లో ముహైస్నా 2 అని ఉన్న పేటను కార్మికులు సోనాపూర్ అన్నారు. బంగారు ఊరని దాని అర్థం. అందులో ఆశ ఎంతో, ఎగతాళి ఎంతో అక్కడ ఉన్నవారికే తెలుసు.

ఒక పేట చౌకగా ఎందుకు ఉంటుందో ఇక్కడే గమనించాలి. ఇల్లు పాతదై, ఓనరుకు దాని మీద ఖర్చు పెట్టే ఉద్దేశం లేనప్పుడు కిరాయి తక్కువకు వస్తుంది. ఆ స్థలం మీద నగరం కన్ను పడిన రోజున ఆ చౌకదనం పోతుంది.

2008

2002లో విదేశీయులు ఇళ్ళు కొనుక్కోవడానికి దారి తెరిచాక భూమి ధరలు, వాటితోపాటు కిరాయిలు ఎగబాకాయి. ప్రభుత్వం 2005 నవంబరులో పెంపును 15 శాతానికి మించకుండా కట్టడి చేసింది. 2007కు 7 శాతం, 2008కి 5 శాతం అని హద్దు పెట్టింది. అయితే ఆ హద్దులు ఒప్పందం చేతిలో ఉన్నవారికే పనికివచ్చాయి. ఒకరు విల్లాను తన పేర తీసుకుని, చెక్కలతో అడ్డం కట్టి, ఇరవైమందికీ ముప్పైమందికీ పడకల లెక్కన ఇస్తే, ఆ పడక మీద ఉన్నవాడికి ఏ హద్దూ లేదు. బెడ్ స్పేస్, పార్టీషన్ అన్న మాటలు మన తెలుగులో స్థిరపడింది ఆ రోజుల్లోనే.

2008 ఆగస్టు 26న దేరాలోని నాయిఫ్‌లో అలా గదులుగా చీల్చిన ఒక విల్లా తగలబడింది. 11 మంది కార్మికులు చనిపోయారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. 'ఒక విల్లాకు ఒక కుటుంబం' అన్న నియమాన్ని మున్సిపాలిటీ గట్టిగా అమలు చేసింది కూడా ఆ ఏడాదే. నియమం మంచిదే. కానీ ఖాళీ చేయించినవారు ఎక్కడికి వెళ్ళాలి? కొందరు షార్జాకు మారి రోజూ గంటల తరబడి బస్సుల్లో తిరిగారు. కొందరు మరో పార్టీషన్‌లోకే వెళ్ళారు. అదే సంవత్సరం సత్వా స్థలంలో జుమేరా గార్డెన్ సిటీ కట్టాలని పేటను కూల్చడం మొదలుపెట్టారు. ఆర్థిక సంక్షోభం రావడంతో ఆ పథకం ఆగిపోయింది. అప్పటికే ఎందరో ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు.

కాగితం వచ్చింది

ఈ గందరగోళం మధ్యనే చట్టాలూ వచ్చాయి. 2007లో 26వ నంబరు అద్దె చట్టం, దానిని సవరిస్తూ 2008లో 33వ నంబరు చట్టం వచ్చాయి. వాటి ప్రకారం కిరాయి పెంచాలంటే ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందు చెప్పాలి. ఇల్లు అమ్ముకోవడం, తాను ఉండటం వంటి కారణాలతో ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ 12 నెలల నోటీసు ఇవ్వాలి. 2010లో ఎజారీ మొదలైంది. 2013లో కిరాయి ఎంత వరకు పెంచవచ్చో సూచిక ప్రకారం లెక్క కట్టారు. చుట్టుపక్కల కిరాయి కంటే మనది 10 శాతం లోపు తక్కువగా ఉంటే పెంచడానికి వీల్లేదు. ఎంత తక్కువగా ఉన్నా 20 శాతానికి మించి పెంచకూడదు. తగాదాలు తీర్చే కేంద్రం కూడా ఆ ఏడాదే ఏర్పడింది.

కాగితం ఉన్నవాడికి పన్నెండు నెలల గడువు. లేనివాడికి పెట్టె సర్దుకునే గడువు. ఒకే బిల్డింగులో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య ఉన్న తేడా ఇది.

2009లో మెట్రో రెడ్ లైన్, 2011లో గ్రీన్ లైన్ రావడంతో నగరం నడిబొడ్డున ఇరుక్కుని ఉండాల్సిన అవసరం కొంత తగ్గింది. కుసైస్ వంటి దూరపు పేటల నుంచి పనికి వెళ్ళి రావడం సాధ్యమైంది. అయినా చౌక పడకల గిరాకీ తగ్గలేదు. 2023 ఏప్రిల్ 15న దేరాలోని అల్ రాస్‌లో ఒక నివాస భవనంలో మంటలు లేచి 16 మంది చనిపోయారు. 2025 జూన్‌లో మున్సిపాలిటీ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫ్ఫా పేటల్లో అక్రమ పార్టీషన్లను తొలగించే పని చేపట్టింది. 2008లో మనం చూసిన దృశ్యమే ఇది.

చూసుకోవాల్సినవి

పార్టీషన్‌లో ఉండేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఇంటికి డబ్బు పంపాల్సినవాడు వంద దిర్హాముల తేడాను కూడా లెక్కపెట్టుకోక తప్పదు. ఆ లెక్కలోనే మరికొన్ని విషయాలు కలుపుకోవాలని మా మనవి.

పేట పేరు అడిగే ముందు ఎజారీ ఎవరి పేర ఉందో అడగాలి. అసలు కిరాయిదారు మరొకరికి ఇవ్వాలంటే ఓనరు రాతపూర్వక అనుమతి ఉండాలని చట్టం చెబుతోంది. అది లేకుండా మనకు ఇచ్చి, తర్వాత ఇద్దరినీ ఖాళీ చేయిస్తే, నష్టపరిహారం అడిగే హక్కు మనకు అతని మీద ఉంటుంది. అందుకు రసీదులు కావాలి. 2022 నుంచి ఇంట్లో కలిసి ఉండేవారి పేర్లు కూడా భూమి శాఖ యాప్‌లో నమోదు చేయాలన్నారు. మన పేరు అందులో చేర్చమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

గదిలోకి వెళ్ళాక తలుపు నుంచి మెట్ల దాకా దారి ఖాళీగా ఉందో లేదో, కిటికీ తెరుచుకుంటుందో లేదో, వంట ఎక్కడ చేస్తున్నారో చూడాలి. కార్మికుల బసలో తలకు కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలని 2009లో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. యాభైమంది, అంతకు మించి కార్మికులున్న కంపెనీ తక్కువ జీతగాళ్ళకు బస ఇవ్వాలని 2016లో నియమం వచ్చింది. 2022లో ఆ జీతం హద్దును 1,500 దిర్హాములుగా మార్చారు. మీకు అది వర్తిస్తుందేమో రూము వెతికే ముందే కంపెనీలో కనుక్కోండి.

మీ రూములోకి ఊరి నుంచి కొత్త తమ్ముడు ఎవరైనా వస్తే, పడక చూపించే ముందు ఈ సంగతులు అతనికి చెప్పండి.