తుగ్గలి నేలలో బంగారం ఎక్కడుంది?

మా తుగ్గలి ప్రాంతంలో లంకెబిందెల మాట ఎత్తితే జనం రెండుగా చీలిపోతారు. చెన్నంపల్లి కోటలో విజయనగర కాలం నాటి నిధి ఉండి తీరుతుందని కొందరు, అదంతా కట్టుకథేనని కొందరు. నేను రెండోవారి పక్షమే. కానీ ఆశపడేవాళ్లను తెలివితక్కువవాళ్లని తీసిపారేయడం అన్యాయం. ఇది ఆశ పుట్టించే నేల. తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతకడం, కొందరికి నిజంగానే దొరకడం ఏటా జరిగేదే. జొన్నగిరి రాళ్లలో బంగారం ఉంది, పూర్వులు దాన్ని తవ్విన గుంతల ఆనవాళ్లూ ఉన్నాయి. అశోకుడి శాసనాల్లో కనిపించే సువర్ణగిరి ఈ ఊరేనని కొందరు పండితులు అంటారు. అయితే రాతిలో పుట్టిన బంగారం వేరు, రాజు దాచాడనే బంగారం వేరు. మొదటిది పరీక్షకు నిలుస్తుంది: టన్ను రాయిని పిండి చేస్తే గ్రామో రెండు గ్రాములో వస్తుంది. రెండోదానికి చరిత్రే సాక్ష్యం చెప్పాలి.

ఆ సాక్ష్యం చూద్దాం. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు 550 ఏనుగుల మీద ధనాన్ని పెనుకొండకు తరలించాడని రాబర్ట్ సూయల్ 1900లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. నిధి ఉందనేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం. ఆ లెక్కను యథాతథంగా ఒప్పుకున్నా అది వాళ్ల వాదనకే ఎదురు తిరుగుతుంది. ధనం వెళ్లింది పెనుకొండకు, దారిలోని కోటల్లోకి కాదు. ఆ తర్వాత బీజాపూర్, గోల్కొండ సైన్యాలతో దశాబ్దాల పాటు తలపడి, చివరికి రాజధానిని చంద్రగిరికి మార్చుకున్న వంశం అది. సైన్యం జీతాలకు, గుర్రాలకు ఎంత బంగారమైనా చాలని స్థితిలో ఉన్న రాజు సొమ్మును భూమిలో వదిలేసి పోడు. ఆపదలో పాతించాడనే అనుకుందాం. ఏనుగులు మోసేంత సొత్తును పూడ్చాలంటే పదుల మంది చేతులు కావాలి. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదని, ఒక్కరి వారసులూ తిరిగొచ్చి తవ్వుకోలేదని నమ్మాలి. నేలలో నిజంగా దొరికేవి సాధారణంగా చిన్న దాపులు. ఒక మనిషి కుండలో నాలుగు నాణేలు పెట్టి పాతి, కరువుకో దండయాత్రకో ఎటో వెళ్లి తిరిగి రాకపోతే, ఎన్నో తరాల తర్వాత అది ఎవరి నాగలికో తగులుతుంది.

ఏమీ లేకపోతే ప్రభుత్వమే ఎందుకు తవ్వించిందని అడుగుతారు. 2017 డిసెంబరులో చెన్నంపల్లి కోటలో అధికారుల పర్యవేక్షణలోనే, ఊరివాళ్ల అభ్యంతరాల మధ్య తవ్వారు. బయటపడినవి ఇటుకలు, ఎముకలు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలోనూ ఇదే జరిగింది. 1000 టన్నుల బంగారం ఉందని ఒక సాధువు కలగన్నాడు, భూగర్భ సర్వేక్షణ పరికరాలు కింద ఏదో ఉన్నట్టు సూచించాయి, పురావస్తు శాఖ తవ్వింది. కుండపెంకులు, పాత గోడలు తప్ప బంగారం లేదు. సర్కారు గునపం పట్టినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి సంగతేమిటన్న ప్రశ్న ఇంతకంటే బలమైనది. 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో అక్కడి నేలమాళిగలు తెరిస్తే రాసులుగా బంగారం కనిపించింది. కానీ అది పోయిన నిధి కానే కాదు. గుడి దస్త్రాలున్నాయి, తాళాలున్నాయి, తరతరాలుగా కాపలా ఉంది. అలాంటి దస్త్రం ఒక్కటీ మా కోటకు లేదు.

దస్త్రం లేనిచోట వేటగాళ్లు గుర్తులు వెతుకుతారు. నాగశిల ఉంటే కింద నిధి ఉందట, నంది చూపు పడినచోట తవ్వాలట. నాగశిల సంతానం కోసం మొక్కుకుని నిలిపిన రాయి. నంది చూసేది ఎదురుగా ఉన్న శివలింగాన్ని. ఈ అపోహ వల్లనే రాయలసీమలో ఎన్నో పాడుబడ్డ గుళ్లలో నందుల కడుపులు పగిలాయి, లింగాలు పెకిలిపోయాయి. నాకు కడుపు మండేది ఇక్కడే. ఎర్రగుడి బండల మీది అశోక శాసనాలను 1920ల చివర్లో గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. అంతకుముందే ఎవరైనా ఆ బండలను నిధి గుర్తులనుకుని పగలగొట్టి ఉంటే, రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ రాత మనకు దక్కేది కాదు.

కాబట్టి మా మండలం రైతులకు ఒక్క విన్నపం. దుక్కిలో కుండ తగిలితే భయపడి దాచకండి, కలెక్టరుకు తెలియజేయండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం హక్కుదారులెవరూ లేరని తేలితే, ముందస్తు ఒప్పందం లేనప్పుడు నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవారికి, మిగతాది స్థలం యజమానికి చెందుతుంది. కోట మీద రాత్రిపూట గునపాల చప్పుడు వినిపిస్తే మాత్రం పోలీసులకు చెప్పండి.