ప్రింట్ స్క్రీన్ బటన్ కథ: తెలుగు బొమ్మగా బతికిన రోజులు

ఫోన్‌లో పవర్ బటన్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కితే టక్కున స్క్రీన్‌షాట్ వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఇది 2011లో, 4.0 వెర్షన్‌తో వచ్చింది. ఇవాళ దానికంటే పాతది మాట్లాడుకుందాం. కంప్యూటర్ కీబోర్డ్ మీద కుడివైపు పైన ప్రింట్ స్క్రీన్ అని ఒక బటన్ ఉంటుంది, చూశారా? అది నొక్కితే ప్రింటర్‌లోంచి ఏమీ రాదు. మరి ప్రింట్ అని ఎందుకు రాశారు?

ఒకప్పుడు నిజంగానే వచ్చేది కాబట్టి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు షిఫ్ట్ పట్టుకుని ఆ బటన్ నొక్కితే, స్క్రీన్ మీద ఉన్నదంతా నేరుగా ప్రింటర్‌కి వెళ్లిపోయేది. సేవ్ చేయడం లేదు, ఫైల్ పేరు లేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటూ కాగితం బయటికి తోసేది. అప్పటి స్క్రీన్ అంటే 25 లైన్లు, లైనుకి 80 అక్షరాలు. మొత్తం 2000 అక్షరాలు. కంప్యూటర్ మెమరీలో కూడా అవి అక్షరాలుగానే ఉండేవి, బొమ్మగా కాదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

విండోస్ వచ్చాక స్క్రీన్ మొత్తం చుక్కల బొమ్మ అయిపోయింది. ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఆ బొమ్మ క్లిప్‌బోర్డ్‌లోకి వెళ్లేది. కానీ వెళ్లిందని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. క్లిక్‌మనే సౌండ్ రాదు, ఫ్లాష్ రాదు. అందుకే జనాలు పడిందో లేదో అని నాలుగైదు సార్లు నొక్కేవాళ్లు. తర్వాత స్టార్ట్, ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, పెయింట్. కంట్రోల్ వి. సేవ్ యాజ్. మధ్యలో ఇంకేదైనా కాపీ చేశారో, స్క్రీన్‌షాట్ పోయినట్టే. ఆ రోజుల్లో క్లిప్‌బోర్డ్ ఒక్కటే గుర్తుపెట్టుకునేది. నేరుగా ఫైల్‌గా సేవ్ అయ్యే విండోస్ కీ ప్లస్ ప్రింట్ స్క్రీన్ కోసం 2012లో విండోస్ 8 దాకా ఆగాల్సి వచ్చింది.

సరే, సేవ్ చేశారు. ఎంత సైజు? ఇక్కడ లెక్క భలే ఉంటుంది. మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అదే సీటీసీ. అలాంటి చోట పార్టులు కొని అసెంబుల్ చేయించిన ఇంటి కంప్యూటర్లలో 800 బై 600 స్క్రీన్ మామూలే. ఒక్కో చుక్కకి 3 బైట్లు వేసుకుంటే 14,40,000 బైట్లు. పెయింట్ బీఎంపీ ఫైల్‌కి పైన ఇంకో 54 బైట్ల హెడర్. ఫ్లాపీలో ఖాళీ ఎంతో తెలుసా? 14,57,664 బైట్లు. అంటే ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఫ్లాపీ నిండిపోయినట్టే! మానిటర్‌ని 1024 బై 768కి మార్చారనుకోండి, 23 లక్షల బైట్లు దాటిపోతుంది, ఇక ఫ్లాపీలో పట్టనే పట్టదు. మంచి స్క్రీన్ ఉన్నోడికే కష్టం ఎక్కువ అన్నమాట. నాణ్యత పోకుండా సైజు తగ్గించే పీఎన్‌జీ ఫార్మాట్ 1996లోనే వచ్చింది. పెయింట్ మాత్రం చాలా ఏళ్లు బీఎంపీనే పట్టుకుని వేలాడింది.

ఎక్స్‌పీ వాడినోళ్లకి ఇంకో వింత గుర్తుంటుంది. సీడీలో సినిమా పెట్టి, హీరో ఎంట్రీ దగ్గర పాజ్ చేసి, ప్రింట్ స్క్రీన్ కొట్టి పెయింట్‌లో పేస్ట్ చేస్తే, సినిమా ఉండాల్సిన చోట నల్లటి డబ్బా. కొన్నిసార్లు ఇంకా ఘోరం: పెయింట్‌లోనే సినిమా ఆడేది! దెయ్యం ఏమీ కాదు. ప్లేయర్ ఆ చోట ఒక గుర్తు రంగు మాత్రమే పూసేది. మానిటర్‌కి పంపేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ ఆ రంగు కనిపించిన చోట వీడియో అతికించేది. స్క్రీన్‌షాట్‌లో పడింది ఆ రంగు. దాన్ని పెయింట్‌లో పెట్టి సరిగ్గా అదే చోట ఉంచితే, కార్డ్ పాపం అక్కడ కూడా సినిమా వేసేది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మనోళ్లకి స్క్రీన్‌షాట్ సరదా మాత్రమే కాదు, తెలుగు పంపే దారి కూడా.

డాస్ కాలంలో తెలుగు కావాలంటే సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డ్ లాంటి హార్డ్‌వేర్ పెట్టుకోవాలి. విండోస్ వచ్చాక డీటీపీ ఫాంట్లు వచ్చాయి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. తలకట్టు, గుడి, వత్తు ఇలా అక్షరాన్ని ముక్కలు చేసి, ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గదుల్లో ఆ ముక్కల్ని కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే, పైన వేషం మాత్రం తెలుగు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చి గీతలు కనపడేవి. ఊళ్లో పెళ్లి పత్రిక టైప్ చేయించి అమెరికాలో ఉన్న అన్నయ్యకి పంపాలంటే ఏం చేయాలి? బొమ్మగా పంపాలి. బొమ్మకి ఫాంట్ అక్కర్లేదు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంట్‌తో వచ్చింది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లోకెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే ఒక టిక్ పెట్టాలి, దానికి ఎక్స్‌పీ సీడీ కావాలి. అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్న ఎంతమంది ఇళ్లల్లో సీడీ ఉంటుంది చెప్పండి? టిక్ లేకపోతే డబ్బాలే, లేదా చెల్లాచెదురైన గుణింతాలు. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక టైపింగ్ తేలికైంది. అవతలివాళ్ల కంప్యూటర్‌లో కనపడుతుందన్న గ్యారంటీ మాత్రం లేదు. బొమ్మకే గ్యారంటీ.

దానికి మూల్యం కూడా ఉంది. డాస్ రోజుల ప్రింట్ స్క్రీన్ అక్షరాలు పట్టుకునేదని చెప్పా కదా. ఇది చుక్కలు పట్టుకుంటుంది. అలా బొమ్మలుగా దాచిన కవితలు, వంటలు, పాటల సాహిత్యం, ఊరి కబుర్లు గూగుల్‌లో వెతికితే దొరకవు. స్క్రీన్‌రీడర్ వాడే చూపులేనివాళ్లకి చదివి వినిపించవు. ఫైల్ పేరు అన్‌టైటిల్డ్ అని ఉంటే, సేవ్ చేసినవాళ్లకే దొరకవు. నా లెక్కలో ఇది చిన్న నష్టం కాదు. ఇంగ్లిష్ వాళ్ల అదే కాలపు మెయిల్స్ ఇవాళ కూడా ఒక్క సెర్చ్‌తో బయటికొస్తాయి.

తెలుగు అక్షరం బొమ్మలో దాక్కోవాల్సిన చివరి సీన్ మీకూ గుర్తుండొచ్చు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరాన్ని ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. మామూలు జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి, ఆపైన దీర్ఘం పెడితే వచ్చేది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఈలోపు ఆ అక్షరం ఏదో సేఫ్‌గా చూపించాలంటే మార్గం ఒక్కటే, స్క్రీన్‌షాట్!

బొమ్మల్లోంచి తెలుగుని మళ్లీ అక్షరాలుగా లాగే పని మన దగ్గర కూడా జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి గార్ల టీమ్ 2001లోనే తెలుగు ఓసీఆర్ మీద పేపర్ ఇచ్చింది. మన లిపికి అది కష్టమైన పని. కింద వత్తు, పైన గుడి, ఒక్క చిన్న మెలిక మారితే వేరే అక్షరం. ఇవాళ తెలుగు వికీసోర్స్ వాలంటీర్లు పాత పుస్తకాల స్కాన్లని గూగుల్ ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చి, తప్పులు చేత్తో దిద్దుతున్నారు.

మీ ఇంట్లో పాత హార్డ్ డిస్క్ ఉంటే ఈ ఆదివారం ఒకసారి తెరిచి, స్టార్ డాట్ బీఎంపీ అని సెర్చ్ కొట్టండి. తెలుగు ఉన్న బొమ్మ దొరికితే పీఎన్‌జీగా సేవ్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చేస్తే, బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. వత్తులు మాత్రం మీరే సరిచూసుకోవాలి.