శూల్యం: నిఘంటువులో మాట, నదీముఖంలో మంట



1988వ సంవత్సరంలో కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి వారికి తద్ధితాలు బోధిస్తున్నాను. శూల శబ్దానికి ప్రత్యయం చేరి శూల్యం అవుతుందనీ, చువ్వకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన ఆహారమని దాని అర్థమనీ చెప్పాను. వెనుక బల్ల మీది పల్లెపాలెం పిల్లవాడొకడు లేచి, “ఆయ్, మేం ఈనెపుల్లకి రొయ్యలు గుచ్చి కాలుస్తామండి. అదేనాండి మేస్టారూ?” అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమంది. నేను ఆ నవ్వును వారించలేదు. “కూర్చో” అని పాఠం కొనసాగించాను.

ఆ పిల్లవాడికి నేను చెప్పవలసిన జవాబు “అవును, అదే” అన్న రెండు మాటలు. అవి నాకు ఆనాడు తోచలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

క్రీస్తుకు పూర్వపు వాడైన పాణిని తన అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయంలో ఒకే సూత్రంతో రెండు మాటలు సాధించాడు. శూలం మీద పక్వమైనది శూల్యం; ఉఖలో, అనగా కుండలో, పక్వమైనది ఉఖ్యం. కాల్చడం, ఉడికించడం అనే రెండు పద్ధతులకూ వ్యాకరణంలో సమాన స్థానమే లభించింది. అమరసింహుడు వైశ్యవర్గంలో శూల్యానికి పర్యాయంగా భటిత్రమనే మాటను చేర్చాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) రచించిన మానసోల్లాసంలో చువ్వకు గుచ్చి కాల్చిన మాంసం భడిత్రకమనే పేరుతో కనిపిస్తుంది. అదే గ్రంథంలో చేపల వేటకు మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉన్నది.

చువ్వ మీద కాల్చే పద్ధతి మొగలాయిలతో వచ్చిందని చాలామంది తలపోస్తారు. కబాబు, సీఖు అనే మాటలు పరదేశం నుండి వచ్చినవే. పని మాత్రం వాటికి ఎంతో ముందునుండే మన దేశంలో ఉన్నది. నేడు నగరాలలో వినిపించే బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల టైనో ప్రజలది. స్పెయిన్ వారి నోట లోకమంతా పాకింది. నిప్పు, పుల్ల, వేట ఉన్న ప్రతిచోటా మనిషి ఈ వంటను ఎవరి వద్దా నేర్చుకోనవసరం లేకుండానే కనుగొన్నాడు.

మన తీరంలో ఈ మంటకు ఉప్పుతో కూడా సంబంధమున్నది. పట్టిన చేప ఆ పూటే చెల్లకపోతే దానిని నిలువ చేసేవి ఉప్పు, ఎండ, పొగ. ఆంగ్లేయుల కాలంలో ఉప్పుపై పన్ను ఉండేది. ఆ పన్ను చేపల నిలువకు అడ్డుగా ఉన్నదని ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలో విన్నవించాడు. తరువాత మద్రాసు ప్రభుత్వం తీరం వెంట ప్రత్యేకమైన ఆవరణలు తెరిచి, వాటి లోపల మాత్రమే చేపలకు చవకగా ఉప్పునిచ్చింది. 1931లో గాంధీ–ఇర్విన్ ఒడంబడిక తీరగ్రామాల వారికి ఇంటి అవసరాలకు ఉప్పు తీసుకొనే వెసులుబాటు కల్పించింది. 1947లో పన్నే తొలగింది. ఉప్పు ప్రియమైన అన్ని దశాబ్దాలూ పేదవానికి నిప్పు మాత్రం ఉచితమే. కొబ్బరి తోటల నడుమ ఎండిన మట్టలకూ డొక్కలకూ ఏనాడూ కరవు లేదు.

పదవీ విరమణ తరువాత ఒక సాయంకాలం, వసిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద ఆ వంట దగ్గరగా చూశాను. ఈనెలను ముందుగా నీటిలో నానబెట్టారు, కాలిపోకుండా. డొక్కల మంట చల్లారి కణకణలాడే నిప్పులు మిగిలే వరకు ఆగారు. మంటలో పెడితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుందట. చేప మాంసం కాలగానే విడిపోయే గుణం కలది గనుక దానిని ముక్కలు చేయక, నోటి నుండి తోక వైపు నిలువునా గుచ్చారు. రొయ్యను పెంకుతోనే గుచ్చారు. బూడిద రంగు రొయ్య చూస్తుండగానే ఎర్రబడింది. ఆ ఎరుపు పెంకులో ముందే ఉన్నదనీ, దానిని కప్పి ఉంచిన మాంసకృత్తు వేడికి విడిపోగానే బయటపడుతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు.

నాకూ ఒక పుల్ల అందించబోయి, “అయ్యో, తమరు తినరు గదండీ” అని చేయి వెనక్కు తీసుకున్నారు. నిజమే. నేను శాకాహారిని. ఆ రుచి నాకు తెలియదు. మాటను భద్రపరచిన మాలాంటి వారు వంటను ఎరుగరు. వంటను భద్రపరచిన వారికి మాటను చేరనీయలేదు. చేరే అవకాశం ఒకసారి నా తరగతి గదిలోనే వచ్చింది. నేనే కూర్చోబెట్టాను.

1990లలో ఈ ప్రాంతపు పొలాలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. 1996 డిసెంబరులో తీరంలోని చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2009 తరువాత వనామీ రకం వచ్చింది. ఇక్కడి రొయ్య ఇప్పుడు మంచు పెట్టెలలో సముద్రాలు దాటుతున్నది. ఏ దేశంలోనో ఎవరో దానిని చువ్వకు గుచ్చి కాలుస్తూనే ఉంటారు.

ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటినవాడై ఉంటాడు. ఎవరైనా నన్ను శూల్యానికి అర్థమడిగితే ఇకమీదట పాణినితో మొదలుపెట్టను. ఈనెపుల్ల, రొయ్య, పల్లెపాలెం అని చెప్పి, తరువాతనే సూత్రం చెబుతాను.