క్లాసిక్ కారు లోపలి భాగాల పునరుద్ధరణ

తయారీ ఆగిపోయిన పాత కార్లలోని డ్యాష్‌బోర్డు నాబులు, కిటికీ అద్దం తిప్పే హ్యాండిళ్లు, స్విచ్చు మూతల వంటి చిన్న భాగాలను బాగుచేయడం లేదా అదే కొలతతో మళ్లీ తయారుచేయడమే క్లాసిక్ కారు లోపలి భాగాల పునరుద్ధరణ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో రూపొందిన హిందూస్థాన్ అంబాసిడర్ 2014 మేలో ఉత్పత్తి ఆగి ఈ కోవలో చేరింది.

పద్ధతిని పదార్థమే నిర్ణయిస్తుంది. లియో బేక్‌లాండ్ 1907లో రూపొందించిన బేకలైట్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు; పగిలిన ముక్కలను ఎపాక్సీతో అతికించాలి. ఏబీఎస్ ప్లాస్టిక్‌ను అసిటోన్ కరిగిస్తుంది కనుక పగుళ్లను అదే ప్లాస్టిక్ ముద్దతో పూడ్చవచ్చు. ముక్కలు దొరకనప్పుడు సరిజోడు భాగం నుంచి సిలికాన్ అచ్చు తీసి పాలీయురెథేన్ రెజిన్ పోస్తారు, లేదా వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి త్రీడీ ప్రింటింగ్ చేస్తారు. ఈ ప్రింటింగ్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్దే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించి వేడెక్కగలదు. అందుకే ఏబీఎస్ లేదా ఏఎస్ఏ ప్లాస్టిక్ మేలు.

కొత్త భాగం నునుపుగా, దృఢంగా ఉంటుంది కనుక మరమ్మతు అనవసరమనే వాదన ఉంది. నిత్యం నడిపే కారుకు అది కొంతవరకు చెల్లుతుంది. అయితే అసలు భాగంలోని రంగు, అచ్చు గుర్తులు, వాడుక అరుగుదల ఆ కాలపు తయారీకి ఆధారాలు, పారేస్తే తిరిగిరావు. అందువల్ల మరమ్మతుకే ప్రాధాన్యం దక్కాలి. మార్చిన భాగాలపై శాశ్వత గుర్తు ఉండాలని అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య ఫివా ట్యూరిన్ చార్టర్ సూచిస్తుంది.