టాస్కు లెక్క నుంచి డాక్టరేటు దాకా

ఈ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను జంకాను. నాది రాత్రిబడి తెలుగు. ఫిజీలో పుట్టి, హిందీలో ఆడుకుని, ఇంగ్లీషులో చదువుకుని, పిల్లలకు లెక్కలు చెప్పి, అరవై దగ్గర పడ్డాక సిడ్నీలో అ ఆలు దిద్దినవాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

విషయం మాత్రం నాకు దగ్గరిదే. రాత్రిబడిలో నాకు ఒత్తులు నేర్పిన అమ్మాయి తెనాలి నుంచి వచ్చి ఇక్కడ మేనేజ్‌మెంట్ సైన్సులో పిహెచ్.డి. చేసేది. నా మనవరాలి వయసుది నాకు పంతులమ్మ. మేము ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం, ఆమె నన్ను మాస్టారూ అనేది. ఆమె చదివే చదువు ఏమిటో, ఈ దేశంలో అది ఎలా మొదలైందో, బయటి దేశాల పిల్లలకు దాని తలుపులు ఎప్పుడు, ఎంత ధరకు తెరుచుకున్నాయో తెలుసుకుందామని కూర్చుంటే, లెక్క మా తాత దగ్గరికే వెళ్ళింది.

మా తాత 1911లో విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసు చేరి అక్కడ ఓడ ఎక్కాడు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. 1879 నుంచి 1916 దాకా ఫిజీకి వెళ్ళిన 60 వేల పైచిలుకు మందిలో దక్షిణాదివాళ్ళు సుమారు 15 వేలు. వాళ్ళ ఒప్పంద పత్రమే మన నోట గిర్మిట్ అయింది. దానిలో రోజు పనికి రెండు రకాల లెక్క ఉండేది: గంటల లెక్క ఒకటి, టాస్కు లెక్క ఒకటి. ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఆరు గంటలు ఆగకుండా చేస్తే ఎంత పని అవుతుందో అంత ఒక టాస్కు. మగవాడికి షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఆ ఆరు గంటల పని ఎంతో నిర్ణయించేది కూలీ కాదు, గొలుసు పట్టుకొచ్చే కుళంబరు. టాస్కు పూర్తి కాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

ఆ తోటల్లో చాలా భాగం ఎవరివి? సిడ్నీలో 1855లో పుట్టిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. మా తాత చెమట లెక్క నెలనెలా సిడ్నీకి చేరేది. మా తాత మాత్రం సిడ్నీలో అడుగు పెట్టడానికి వీల్లేదు. 1901 నాటి వలస నియంత్రణ చట్టం కింద, అధికారి తలచుకుంటే ఏదైనా యూరపు భాషలో యాభై మాటలు చెప్పి రాయమనేవాడు. ఆ పరీక్ష 1958 దాకా ఉంది.

తాత ఓడ ఎక్కిన 1911లోనే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ సూత్రాల మీద పుస్తకం వేశాడు. పనిని కొలవాలి, ప్రతివాడికీ రోజూ ఇంత టాస్కు అని ముందే నిర్ణయించాలి అన్నాడు. ఆయన వాడిన మాట కూడా టాస్కే. ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెరకు తోటలో కొరడాతో కలిపి వాడిన మాటే కాలేజీలో శాస్త్రమై కూర్చుంది కాబోలు అనుకున్నాను.

టీచరమ్మ ఒప్పుకోలేదు. "మాస్టారూ, మా శాస్త్రానికి టేలర్ ఒక్కడే తాత కాదండీ" అంది. ఆమె చెప్పింది నిజమే. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో పాట్రిక్ బ్లాకెట్ వంటి శాస్త్రజ్ఞులు రాడార్లు ఎక్కడ పెట్టాలి, సరుకు ఓడలు చిన్న గుంపుగా పోవాలా పెద్ద గుంపుగా పోవాలా అని లెక్కలు కట్టారు. పెద్ద గుంపే క్షేమమని తేలింది. దానికి ఆపరేషనల్ రీసెర్చ్ అని పేరు. యుద్ధం ముగిశాక అదే లెక్క ఫ్యాక్టరీలకు, రైళ్ళకు, ఆసుపత్రులకు వచ్చి మేనేజ్‌మెంట్ సైన్సు అనిపించుకుంది. మనవాళ్ళు గర్వపడే సంగతి ఒకటుంది: భారతదేశంలో ఆపరేషనల్ రీసెర్చ్ విభాగం మొదట ఏర్పడింది 1949లో, హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయంలో. పెద్ద అధికారులకు నిర్వహణ నేర్పే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కూడా అక్కడే, 1956లో, బెల్లా విస్టా భవనంలో వెలిసింది.

ఇక డాక్టరేటు సంగతి. ఈ దేశంలో ఆ పట్టా చాలా పాతదనుకుంటాం. కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియాలో మొదటి పిహెచ్.డి.లు ఇచ్చింది 1948లో. అంతకుముందు పిహెచ్.డి. కావాలంటే ఇక్కడి తెల్లపిల్లలు కూడా ఓడెక్కి బ్రిటన్ పోవలసిందే. అదే 1948లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గర డాక్టరేటు పుచ్చుకున్నారు. చదువు విషయంలో ఆస్ట్రేలియా, ఆంధ్ర ఒకే రేవులో నిలబడి ఉన్న రోజులవి.

తరవాత కొలంబో ప్రణాళిక వచ్చింది. 1950లో కొలంబోలో కామన్‌వెల్త్ మంత్రులు కూడి ఆలోచించారు, 1951లో అమలు మొదలైంది. ఆసియా దేశాల విద్యార్థులు ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడి విశ్వవిద్యాలయాలకు రాసాగారు. శాశ్వతంగా ఉండడానికి వద్దన్న మనుషులనే చదువుకోవడానికి పిలవడం విచిత్రమే. కాని ఇంటి పక్క గదిలో అద్దెకుండి, క్రికెట్ చూసి, పరీక్షల్లో మొదట నిలిచిన ఆ విద్యార్థులే ఇక్కడి జనం మనసు కొంత మార్చారని నా అభిప్రాయం. 1966లో నిబంధనలు సడలాయి, 1973లో విట్లమ్ ప్రభుత్వం రంగు చూసే పద్ధతికి స్వస్తి చెప్పింది.

1974లో అదే ప్రభుత్వం విశ్వవిద్యాలయ ఫీజులు ఎత్తివేసింది. విదేశీ విద్యార్థులకు కూడా. ఆ ఉచితం ఎంతో కాలం నిలవలేదు. 1980లో విదేశీ విద్యార్థుల మీద ప్రత్యేక రుసుము పడింది. 1985లో పూర్తి ఫీజు తీసుకుని చేర్చుకోవచ్చన్నారు. 1990 నుంచి కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థులంతా పూర్తి ఫీజు కట్టాలన్నారు, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు దొరికిన కొద్దిమంది తప్ప. సహాయంగా మొదలైనది నలభై ఏళ్ళలో వ్యాపారమైంది. ఈ మధ్యలోనే నిర్వహణ విద్య కూడా ఇక్కడ పాతుకుంది. మెల్‌బోర్న్‌లో 1963లో ఎం.బి.ఎ. మొదలైంది. 1970లో అమెరికా నుంచి వచ్చిన రిచర్డ్ సయర్ట్ బృందం దేశానికంతటికీ ఒక ఉన్నత నిర్వహణ పాఠశాల కావాలని చెప్పగా, 1977లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో అది తెరుచుకుంది. అంటే తాత లెక్క చేరిన ఊరికే లెక్కల డాక్టరేటు కూడా చేరింది. కంపెనీ 1973లో ఫిజీ వదిలింది. 1987 తిరుగుబాట్ల తరవాత మేమూ వదిలాం. నేను 1988లో సిడ్నీలో దిగాను.

టీచరమ్మ కథ చెప్పాలి. ఆమెకు మొదట సీటిచ్చిన విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్పు ఇవ్వలేదు. ఈ రోజుల్లో విదేశీయులకు ఈ చదువు ఫీజు ఏడాదికి నలభై వేల డాలర్లు దాటడం మామూలు. తెనాలిలో వాళ్ళ నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి మార్గదర్శి ప్రొఫెసరు ఉద్యోగం మారి ఇంకో దేశం వెళ్ళిపోయాడు. ఇక్కడ పరిశోధన అంతా మార్గదర్శి మీదే నడుస్తుంది. మొదటి ఏడాది చివర నీ పని కొనసాగించదగినదేనని ఒక సంఘం ముందు రుజువు చేసుకోవాలి, తరవాత రెండు మూడేళ్ళు థీసిస్సు, చివరికి బయటి పరీక్షకులు. మధ్యలో గురువు పోతే ఆ విద్యార్థి నడిసముద్రంలో ఉన్నట్టే. ఆ నెలల్లో ఆమె క్లాసుకు వచ్చి మాకు గుణింతాలు చెప్పి, అందరూ వెళ్ళాక బల్ల మీద తల పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు, "నాన్నకు ఏం చెప్పను మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి మరొక విశ్వవిద్యాలయం ఫీజు మాఫీ చేసి, నెలనెలా భత్యం కూడా ఇచ్చి చేర్చుకుంది.

ఈ మాట మన ఇళ్ళలో చాలామందికి తెలియదు: ఇక్కడ పౌరులైన మన పిల్లలకు, శాశ్వత నివాసులకు పిహెచ్.డి.కి మామూలుగా ఫీజు ఉండదు, ప్రభుత్వమే భరిస్తుంది. అదే గది, అదే గురువు, అదే పుస్తకం. తేడా పాస్‌పోర్టుది. మన పిల్లలు డిగ్రీ కాగానే ఉద్యోగంలోకి దూకుతారు. తెనాలి పిల్ల పొలం తాకట్టు పెట్టి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మనతో కలవరని మన పెద్దలు కొందరు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నవాణ్ణే. ఆ బల్ల దగ్గర కూర్చున్న తరవాత మానేశాను.

ఆమె పరిశోధన ఆసుపత్రుల్లో రోగుల వరసల మీద. ఒకసారి నేను లౌటోకా మిల్లు బయట చెరకు లారీల వరస గురించి చెప్పాను. కోసిన చెరకు నిలవుంటే తీపి పోతుంది, మా నాన్న లారీలోనే రాత్రి పడుకునేవాడు అన్నాను. ఆమె వెంటనే పలక తీసుకుని బొమ్మ గీసింది. "ఇది మా క్యూ సిద్ధాంతమే కదండీ! మీ నాన్నగారు ఎన్ని గంటలు ఆగేవారు? ముందు ఎన్ని లారీలు ఉండేవి?" అని గుచ్చి గుచ్చి అడిగింది. తాతను కొలిచిన లెక్క కూలీని తొందరపెట్టడానికి. ఈ అమ్మాయి లెక్క ఎదురు చూసేవాడి ఎదురుచూపు తగ్గించడానికి. ఆ రోజు నేను టేలర్ మీద కోపం కొంచెం తగ్గించుకున్నాను, పూర్తిగా కాదు.

పోయిన ఏడాది ఆమెకు పట్టా వచ్చింది. పొలం కూడా విడిపించుకున్నారట. థీసిస్సు ప్రతి ఒకటి రాత్రిబడి బీరువాలో పెట్టాం, చూడదలచినవారు శనివారం సాయంత్రం రావచ్చు. మొదటి అధ్యాయంలోనే ఉదాహరణగా ఫిజీ చెరకు లారీల వరస ఉంది. లారీల సంఖ్య నేను చెప్పిందే వేసింది. కొంచెం ఎక్కువ చెప్పానేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది.